చీరలాయన ఉగ్గు

మొన్న ఆదివారం మా మనవరాలు బాణలిలో బియ్యం, పెసరపప్పు వేయిస్తోంది. తను బ్యాంకులో పనిచేస్తుంది. వారం పొడుగునా ఊపిరి తీసుకోవడానికి తీరిక ఉండదు. అందుకని ఆదివారం పూట కూర్చుని, పిల్లాడికి వారానికి సరిపడా ఉగ్గుపొడి చేసిపెట్టుకుంటుంది. "అమ్మమ్మా, కాస్త తిప్పుతూ ఉండు, వాడు లేచినట్టున్నాడు" అని గరిటె నా చేతికిచ్చి లోపలికి పరుగెత్తింది. నేను తిప్పుతూ ఉన్నాను. పెసరపప్పు ఎర్రబడి కమ్మటి వాసన వచ్చింది. ఆ వాసనకి నాకు చీరలాయన గుర్తొచ్చాడు.

ఆయన పేరు నాకు తెలియదు. మా వీధిలో ఎవరికీ తెలియదనుకుంటాను. చీరలమ్మేవాడు కాబట్టి చీరలాయన అనేవాళ్లం. యుద్ధం రోజులవి. మా అత్తవారి ఊరు పామర్రుకి దగ్గర్లోనే, కాలవ గట్టు మీద నడిచి వెళ్లిరాగలిగేంత దూరం. ఆయనది పెడన వైపు ఏదో నేతపల్లె. నెలకో, రెండు నెలలకో మూట భుజాన వేసుకుని వచ్చి మా అరుగు మీద దించేవాడు.

అమ్మేవాళ్లంతా సరుకుని పొగుడుతారు. ఈయన ముందు లోపం చెప్పేవాడు. చీర విప్పి ఒళ్లో పరుచుకుని, వెతికి వెతికి ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడ ఒక పోగు తెగితే అతికారమ్మా, చూసుకోండి" అనేవాడు. ఎంత చూసినా మాకు ఏమీ కనపడేది కాదు.

"నువ్వు చెప్పకపోతే మాకెలా తెలుస్తుందోయ్?" అనేది మా అత్తగారు.

"నాలుగు ఉతుకులయ్యాక తెలుస్తుందండి. అప్పుడు నన్ను తిట్టుకుంటారు."

ఆయన స్వయానా నేతగాడు. యుద్ధం వచ్చాక నూలు దొరక్క మగ్గం ఆగిపోయింది. బెజవాడలో ఒక బట్టల షావుకారు దగ్గర చీరలు పుచ్చుకుని ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. కానీ ఒంట్లోంచి మగ్గం పోలేదు. అరుగు మీద కూర్చుంటే కాళ్లు కిందికి వేలాడేసి, మాట్లాడుతున్నంతసేపూ ఒక పాదం తర్వాత ఒక పాదం నొక్కుతూ ఉండేవాడు, కింద మగ్గం గుంటలో తొక్కుడు కర్రలున్నట్టు. అలా చేస్తున్నానని ఆయనకి తెలియదు. నేను అప్పుడు కొత్త కోడల్ని. తలుపు వెనక నిలబడి ఆ కాళ్లు చూసి నవ్వుకునేదాన్ని.

ఆయనకి ఒక ఊతపదం ఉండేది. "ఏం చెయ్యమంటారు?" అనేవాడు. ఆ మాట మనమందరం అంటాం. కష్టం చెప్పుకుని చివర్లో నిట్టూర్పు బదులు అంటాం. ఎదుటివాళ్లు కూడా "ఏం చేస్తాంలే" అని ఊరుకుంటారు. ఆయన అలా కాదు, నిజంగానే అడిగేవాడు. అడిగి, మన మొహంలోకి చూస్తూ జవాబు కోసం ఆగేవాడు. "నూలు రావట్లేదండి. ఏం చెయ్యమంటారు?" అని మా మామగారిని అడిగితే, ఆయన చుట్ట నోట్లోంచి తీసి, ఆలోచించి, ఏదో ఒకటి చెప్పక తప్పేది కాదు. చెప్పింది చీరలాయన శ్రద్ధగా వినేవాడు. వీలైతే చేసేవాడు కూడా.

మధ్యలో చాలాకాలం రాలేదు. ఆలోగా నేను పురిటికి పుట్టింటికి వెళ్లి, చంటివాణ్ణి ఎత్తుకుని తిరిగొచ్చాను. వచ్చిన కొత్తల్లో ఒక పొద్దున చీరలాయన వీధి మలుపులో కనిపించాడు. భుజం మీద మూట లేదు, కావడి ఉంది. ఒకవైపు చీరల మూట, రెండోవైపు గుడ్డ కప్పిన వెదురుబుట్ట. బట్టలు అమ్మేవాడు కావడి మోయడం మేమెప్పుడూ చూడలేదు.

మా అత్తగారు అరుగు మీదికి వచ్చి, "ఆ బుట్టలో ఏవిటోయ్? గాజులు కూడా అమ్ముతున్నావా?" అంది.

"అమ్మాయండి" అన్నాడు.

కావడి జాగ్రత్తగా దించి గుడ్డ తీశాడు. లోపల పాత చీర మడతల మీద ఒక ఆడపిల్ల. మా వాడికన్నా నెల పెద్దదేమో, చూస్తే చిన్నదానిలా ఉంది. కళ్లు మాత్రం ఇంతేసి. ఏడవలేదు, మమ్మల్ని ఒక్కొక్కళ్లనే చూసింది. తల్లి పురిట్లోనే పోయిందని ఆయన చెప్పకుండానే మా అత్తగారికి అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కాస్త నిప్పుంటే ఇప్పించండమ్మా. దీనికి ఉగ్గు కాయాలి" అన్నాడు.

నేను పొయ్యిలోంచి రెండు కణికలు పెంకు మీద తెచ్చి ఇచ్చాను. అరుగు కింద మూడు ఇటుకముక్కలు పేర్చి, కావడి బుట్టలో పిల్ల కాళ్ల దగ్గరనుంచి చిన్న ఇత్తడి గిన్నె, కొబ్బరిచిప్ప గరిటె, ముక్కున్న ఉగ్గుగిన్నె, ఒక పొడి సంచి తీశాడు. గిన్నెలో నీళ్లు కాగుతుంటే, పొడిని వేరేగా చన్నీళ్లలో కలిపి సన్నటి ధారగా పోస్తూ తిప్పడం మొదలుపెట్టాడు. మొగవాడు అలా గొంతుక్కూర్చుని ఉగ్గు కాయడం నేను అదే చూడ్డం. ఉడికాక దించి, ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసి, పిల్లని మోకాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఉగ్గుగిన్నె ముక్కు పెదవికి ఆనించాడు. ఆ పిల్ల పిచ్చుకపిల్లలా నోరు తెరిచింది.

"మొన్నటిదాకా మేకపాలు పట్టానండి. ఆ మేక కూడా వట్టిపోయింది" అన్నాడు పడుతూనే.

"ఇంట్లో ఆడవాళ్లెవరూ లేరా?"

"మా వదిన ఉందండి. మంచిదే. ఆవిడకి ఇంటినిండా పిల్లలండి. అందరి నోళ్లూ నిండాక దీని వంతొస్తుంది. అప్పటికి ఇది ఏడ్చి ఏడ్చి పడుకుంటుంది."

"మరి పొడి ఎవరు చేస్తారు?"

"నేనేనండి. బియ్యం, పెసరపప్పు కడిగి నీడన ఆరబెడతాను. వేయించి తిరగట్లో విసురుతాను. మా ఆవిడ కోసమని సన్ననూలుతో నేసిన గుడ్డ ఒకటుంది, దాంట్లో జల్లిస్తాను. బాగా మెత్తగా దిగుద్దండి."

కావడి ఎత్తుకుని ఆయన పక్కింటికి వెళ్లిపోయాక కూడా మా అత్తగారు చాలాసేపు అరుగు మీదే ఉండిపోయింది.

అప్పట్నుంచి ఆయన రాక ఎప్పుడూ అలాగే. ఏ ఊరు వెళ్లినా, చీరలు విప్పేముందు నిప్పు అడిగేవాడు. పామర్రు దగ్గర పెట్రోలు కరువుకి బొగ్గు మీద నడిచే బస్సు ఆగి, క్లీనరు దిగి వెనకాల దాని పొయ్యి రాజెయ్యడానికి చక్రం తిప్పుతుంటే, ఆ బొగ్గుల్లోంచే రెండు అడిగి పుచ్చుకుని రోడ్డు పక్కన ఉగ్గు కాసేవాడట. బస్సు కదిలే వేళకి సగమే ఉడికేదట. కొన్నిసార్లు బస్సు పోనిచ్చి నడిచి వచ్చేవాడు.

అందరూ సలహాలు చెప్పేవాళ్లు. తప్పు వాళ్లది కాదు. ఆయనే అడిగేవాడు. "రాత్రి కక్కిందండి. ఏం చెయ్యమంటారు?" అనేవాడు. మా అత్తగారు వాము కలపమంది. ఎదురింటావిడ వాము వేడి, సొంఠి అరగదీసి వెయ్యమంది. మలుపింటి ముసలమ్మ బియ్యం మానేసి రాగులు పెట్టమంది. కరణంగారి భార్య, బెజవాడలో దొరుకుతుంది బార్లీ డబ్బా, అది తప్ప మరొకటి పట్టొద్దంది. బార్లీ డబ్బాలు యుద్ధంతో పాటే మాయమైపోయాయని ఆవిడకి తెలియదు. ఆయన అందరి మాటా విన్నాడు. వీధి ఈ చివర వాము, ఆ చివర సొంఠి. మళ్లీ నెలకి వచ్చేసరికి రాగులు. ఎవరిని కాదంటే ఎవరి మాటలో పిల్ల ప్రాణం ఉందోనని ఆయన భయం. నాకు ఇరవై ఏళ్లు లేవు, నేను ఏం చెప్పగలను? పైగా నాకేం తెలుసు? మా వాడికి నా పాలే సరిపోయేవి. వాడు బొద్దుగా, దుడ్డుకర్రలా ఉండేవాడు. ఇద్దర్నీ ఒక్క చాప మీద పడుకోబెట్టిన రోజున నేను వాడి మీద గుడ్డ కప్పేశాను. ఎందుకు కప్పానంటే చెప్పలేను. వాడి తొడలు ఆయనకి కనపడకూడదనిపించింది.

ఒకసారి మా వీధిలో పెద్ద రైతు ఇంట్లో పెళ్లి కుదిరింది. కంట్రోలు రోజులు, కొట్లలో బట్ట దొరకడమే కష్టం. చీరలాయన మూట మొత్తం వాళ్లే తీసుకునేలా ఉన్నారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లం చీరలు చూడ్డానికి వెళ్లాం. ఇంటాయన గుడివాడ వెళ్లాలని తొందరపడుతున్నాడు. ఆడవాళ్లు ఒక్కొక్క చీరే పక్కకి పెడుతున్నారు. అంతలో బుట్టలో పిల్ల ఏడ్చింది.

చీరలాయన లేచి నిప్పు అడిగాడు.

"ఏవయ్యా, బేరం మధ్యలో ఎక్కడికి?" అన్నాడు ఇంటాయన.

"ఇప్పుడే వస్తానండి. దానికి వేళయింది."

ఆ ఇంటావిడ మంచిది. "గరిటె ఇలా ఇయ్యి నాయనా, నేను తిప్పుతాను. నువ్వు వెళ్లి చీరలు చూపించు" అంది. ఇచ్చాడు. వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాడే గానీ చూపంతా గిన్నె మీదే. ఇంటాయన ఒక చీర పట్టుకుని ఏదో అడిగితే, ఇంకో చీర సంగతి చెప్పాడు. చెప్పిన లోపమే మళ్లీ చెప్పాడు. చివరికి ఉండబట్టలేక లేచిపోయాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. చెయ్యి ఆగితే ఉండ కడుద్ది. దానికి గొంతుకడ్డం పడుద్ది" అని గరిటె తీసుకుని తనే తిప్పుకున్నాడు. కాయడం అయ్యాక పట్టడం. ఆ పిల్ల తొందరగా తినదు. రెండు గుక్కలకి ఆగి లోకమంతా చూస్తుంది. ఇంటాయన చూసి చూసి, "మూట కట్టుకోవయ్యా, మేం గుడివాడలోనే చూసుకుంటాం" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆడవాళ్లం తలలు వంచుకున్నాం.

తిరిగి వెళుతూ మా ఇంటి ముందు ఆగాడు. మాకు ఆయన మొహం చూడాలంటే కష్టంగా ఉంది. ఆయన మాత్రం, "గిన్నెడూ తిన్నదండి ఇవాళ" అని చెప్పి వెళ్లాడు.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. పొలాలు, కాలవ, రోడ్డు ఒకటైపోయి, గట్ల మీద తుమ్మచెట్లని బట్టి దారి పోల్చుకోవలసి వచ్చేది. అలాంటి రోజున మధ్యాహ్నం పూట తడిసి ముద్దయి వచ్చాడు. చీరల మూట మీద ఏమీ లేదు. తాటాకు గొడుగు బుట్ట మీద కట్టాడు. మాట లేకుండా అరుగెక్కి, బుట్ట మా అత్తగారి ముందు పెట్టాడు.

పిల్ల కళ్లు లోపలికి పోయాయి. నిన్నటినుంచి విరోచనాలట. ఏది పట్టినా ఉండడం లేదట. మా ఆయన బండి కట్టించుకుని పామర్రు డాక్టరు కోసం బయలుదేరారు. కాసేపటికే బండి తిరిగొచ్చింది. కాలవకి గండి పడి రోడ్డు మీద ఎద్దు కడుపులోతు నీళ్లు.

మా అత్తగారు కఠినమైన మనిషి. నా కొడుకుని పక్కింటి వాళ్లు ఎత్తుకున్నా దిష్టి తీసేది. పాలిచ్చే దాన్నని నన్ను చావు ఇంటి వైపు కూడా వెళ్లనిచ్చేది కాదు. ఆవిడ బుట్టలో పిల్లని చూసింది. నన్ను చూసింది. "లోపలికి తీసుకెళ్లు. నీ పాలు పట్టు" అంది.

నేను ఒక్క క్షణం విన్నది నిజమేనా అనుకున్నాను. తర్వాత పిల్లని తీసుకుని వంటింట్లోకి వెళ్లి గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఎత్తుకుంటే చేతుల్లో ఏమీ లేనట్టే ఉంది. రొమ్ముకి ఆనించుకున్నాను. నాకు పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతోంది. ఆ పిల్ల మొహం తగిలించి, ఊరుకుంది. చప్పరించలేదు. నేను నోట్లో పెట్టాను. నాలికతో బయటికి తోసేసింది. మళ్లీ పెట్టాను. మొహం పక్కకి తిప్పుకుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి పైకి చూసింది. గిన్నె కోసం.

పుట్టినప్పట్నుంచీ ఆ పిల్లకి తినడమంటే అదే. పైనుంచి ఒక గిన్నె వస్తుంది, నోట్లో పోస్తుంది.

"పట్టుకుందా?" అని గుమ్మంలోంచి అడిగింది మా అత్తగారు.

"పట్టుకోవడం లేదత్తయ్యా" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

వీధి అరుగు మీద, ఇంట్లోకి వీపు పెట్టి, వాన జల్లులోనే నిలబడి ఉన్నాడు ఆయన. ఆ మాట విన్నాడు. "దానికి రాదండి. ఎప్పుడూ చూళ్లేదు కదండీ" అన్నాడు, పిల్ల తరఫున క్షమాపణ చెప్పినట్టు.

పాలు పిండి ఉగ్గుగిన్నెలో పోసి పట్టాం. రెండు గుక్కలు మింగి మూడోది కక్కేసింది. అప్పుడు మా అత్తగారు పాలు పక్కన పెట్టి, అన్నం వార్చిన గంజి మీద తేట తీసి, ఉప్పుగల్లు వేసి, దూదివత్తి ముంచి పెదాల మీద పిండుతూ కూర్చుంది. చుక్క చుక్కగా. సందె దీపం పెట్టే వేళకి ఒక ఉగ్గుగిన్నెడు లోపలికి పోయి ఉంటుంది, అంతే. చీరలాయన పశువుల సావిట్లో గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను అన్నం పట్టుకెళ్లాను. ఆయన పాదాలు కదలడం లేదు. పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది.

వాన వదిలేదాకా మా ఇంట్లోనే ఉన్నారు. పిల్ల బతికింది. ఒక పొద్దున చిన్నగా ఏడ్చింది, ఆకలి ఏడుపు. మా ఇంట్లో ఉన్న పాతబియ్యంతో ఆయన పొడి చేసుకున్నాడు. మా వంటింట్లోనే కాశాడు, మా అత్తగారు ఏమీ అనలేదు. వెళ్లేరోజు కావడి కట్టుకుని, బుట్ట మీద గుడ్డ సర్ది, లేచి నిలబడ్డాడు. మా అత్తగారి వైపు చూశాడు.

"ఇట్లా ఎన్నాళ్లండి? కూర్చుంటే మా ఇద్దరికీ తిండి లేదు. తిరిగితే దీని ప్రాణం నిలవదు. ఏం చెయ్యమంటారు?"

అడిగి, ఎప్పట్లాగే ఆగాడు.

మా అత్తగారు తల తిప్పుకుంది. ఆయన ఇంకా ఆగే ఉన్నాడు. "ఎవరికన్నా ఇచ్చెయ్యి నాయనా" అంది ఆవిడ చివరికి. "నీ వల్ల కాదు. పాడి ఉన్నవాళ్లకి, పిల్లల్లేని వాళ్లకి ఇయ్యి. దానిమానాన అది బతుకుతుంది."

"అట్లాగేనండి" అన్నాడు.

మళ్లీ ఆయన వచ్చేసరికి కుప్పనూర్పుళ్లు మొదలయ్యాయి. భుజాన మూట ఉంది, కావడి లేదు. వీధిలో అందరూ చూశారు. ఎవరికీ అడగడానికి నోరు రాలేదు. మా అరుగు మీద మూట దించి, నిప్పు అడక్కుండా కూర్చున్నాడు. నేనే తలుపు వెనకనించి, "పాప ఏదండీ?" అన్నాను.

"మీ అత్తగారు చెప్పినట్టే చేశానమ్మా" అన్నాడు.

తనకి సరుకిచ్చే బెజవాడ షావుకారికి పిల్లల్లేరు. వాళ్లూ నేత కులమే. గుణదల వైపు ఇల్లు, ఇంట్లో రెండు పాడిగేదెలు, పనిమనుషులు. పిల్లని చూసి షావుకారు భార్య వెంటనే చేతులు చాపిందట. ఒకటే మాట పెట్టారు, తండ్రినని పిల్లకి ఎప్పుడూ చెప్పకూడదు. "న్యాయమే కదండీ. చెబితే ఇద్దరికీ చెందకుండా పోద్ది" అన్నాడు ఆయన. వాళ్ల గురించి ఒక్క చెడ్డ మాట అనలేదు. అనడానికి ఏమీ లేదు కూడా.

మా అత్తగారు లోపలికి వెళ్లిపోయింది.

కానీ అంతటితో అవలేదు. ఆ ఇంట్లో గేదెపాలు పట్టారు, డబ్బాపాలు ఎక్కణ్ణుంచో తెప్పించి పట్టారు, వంటమనిషి చేత ఉగ్గు చేయించారు. పిల్ల ముట్టలేదు. పోసింది పోసినట్టు ఉమ్మేసింది. షావుకారు భార్య బెంబేలెత్తి ఈయనకి కబురంపింది. ఈయన వెళ్లి, తన పొడి ఇచ్చి, ఎలా కాయాలో వంటమనిషికి చెప్పి వచ్చాడు. తిన్నది. అప్పట్నుంచి ఇంటి దగ్గర పొడి చేసుకుని, సరుకు కోసం బెజవాడ వెళ్లినప్పుడల్లా పెరటి గుమ్మంలో వంటమనిషికి ఇచ్చి వచ్చేవాడు. మా ఊరి మీదుగా ఇంటికి తిరిగి వెళుతూ పాతబియ్యం అడిగి పట్టుకెళ్లేవాడు. మా అత్తగారు ఆయన కోసమే ఒక కుండెడు విడిగా తీసి ఉంచేది. వామూ సొంఠీ ఊసు ఇక ఎవరం ఎత్తలేదు.

ఒకసారి, "పాపని చూశావా?" అని అడిగింది ఆవిడ.

"పెరట్లో చాప మీద కూర్చోబెట్టారండి. ఒళ్లు చేసింది. నన్ను చూసింది."

"గుర్తుపట్టిందా?"

"నా చేతిలో గిన్నె లేదు కదండీ" అన్నాడు.

ఇంకోసారి షావుకారు భార్యే పిలిచి, ఒకసారి ఎత్తుకోమని చేతికిచ్చిందట. "బరువుగా ఉందండి. ఎట్లా పట్టుకోవాలో తెలియలేదు. కింద పడేస్తానేమోనని వెంటనే ఇచ్చేశాను" అని చెప్పాడు. సంతోషంగానే చెప్పాడు. మా అత్తగారు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఆయన మా ఇంటికి ఆఖరుసారి వచ్చింది ఎండలు ముదిరిన రోజుల్లో. ఆ తర్వాత ఎప్పుడో, నూలు మళ్లీ దొరుకుతోందని, మగ్గం ఎక్కాడని, ఇక ఊళ్లు తిరగడం లేదని పెడన వైపు వాళ్లెవరో చెప్పారు. ఉన్నాడో పోయాడో, పోతే ఎప్పుడు పోయాడో నాకు తెలియదు. ఆ పిల్ల ఉంటే మా పెద్దవాడి వయసు.

ఆఖరుసారి వచ్చిన ఆ రోజు బెజవాడ నుంచి తిరిగి వస్తూ దిగాడు. మూటతో పాటు చేతిలో పొడి సంచి ఉంది, నిండుగా, కట్టిన మూతి కట్టినట్టే.

"అదేవిటోయ్, ఇవ్వలేదా?" అంది మా అత్తగారు.

"ఇక అక్కర్లేదన్నారండి. పాప అన్నం తింటోందట. పప్పన్నం మెత్తగా కలిపి పెడితే కంచంలో చెయ్యిపెట్టి తనే తింటోందట." మొహం తుడుచుకున్నాడు. "మంచిదే కదండీ."

"మంచిదే" అంది ఆవిడ.

"ఇది మొన్ననే విసిరానండి. పారెయ్యబుద్ధి కాలేదు. మీ మనవడికి పనికొస్తుందేమోనని తెచ్చాను."

మా వాడు అప్పటికి జొన్నరొట్టె కొరుక్కు తింటున్నాడు. ఆ మాట మా అత్తగారు చెప్పలేదు. సంచి తీసుకుని, "ఎప్పుడు తిన్నావు నువ్వు?" అని అడిగింది.

పొద్దుటి బస్సుకి వెళ్లి, ఆ ఇంటి పెరటి గుమ్మం దాకా వెళ్లి, తిరుగు బస్సుకి వచ్చినవాడు. ఇంట్లో అన్నం అయిపోయింది, గిన్నెలు కడిగేశాం. మా అత్తగారు వంటింట్లోకి వెళ్లి, నన్ను పిలవకుండా తనే పొయ్యి రాజేసింది. సంచి మూతి విప్పి, పొడి చన్నీళ్లలో కలిపి, కాగే నీళ్లలో పోస్తూ తిప్పడం మొదలుపెట్టింది. చెయ్యి ఆపలేదు. పెద్ద కంచుగిన్నె నిండా పోసి, పట్టుకెళ్లి అరుగు మీద ఆయన ముందు పెట్టింది.

ఆయన గిన్నెలోకి చూశాడు. వద్దంటాడేమో అనుకున్నాను. అనలేదు. రెండు చేతులతో గిన్నె ఎత్తి ఒక గుక్క తాగాడు.

"చప్పగా ఉందండి" అన్నాడు. "వేడి చూడ్డానికి చేతి మీద వేసుకునేవాణ్ణి గానీ, నేనెప్పుడూ నోట్లో వేసుకోలేదు. ఇన్నాళ్లూ దీన్నే పెట్టాను."

"పసివాళ్లకి అట్లాగే ఉండాలి నాయనా" అంది మా అత్తగారు.

"అట్లాగే ఉండాలండి" అన్నాడు.

గిన్నె మళ్లీ ఎత్తాడు. ఆవిడ స్తంభానికి ఆనుకుని, ఆయన తాగినంతసేపూ అక్కడే నిలబడి ఉంది. ఆయన చివరిదాకా తాగి, గిన్నె అడుగున అంటుకున్నది వేలితో తుడిచి అది కూడా తిని, బావి దగ్గరికి వెళ్లి గిన్నె తనే కడిగి తెచ్చి ఇచ్చాడు.